ఎలకల జాలీ

సోమవారం పొద్దున్న తొమ్మిది గంటలకి దేవదానం సగం మనిషి సీలింగ్ పైన, సగం మనిషి నిచ్చెన మీద ఉన్నాడు. చోడవరంలో వడ్డాది రోడ్డు మీద, చెరకు తోటలకి వీపు పెట్టి కట్టిన నర్సింగ్ హోం అది. దాని ఏసీ గాలి తిరిగే రేకు డక్టులన్నీ రెండేళ్ల కిందట దేవదానం చేతుల్లో మడత పడ్డవే. ఆ చుట్టుపక్కల రేకు కత్తెర పట్టినవాళ్లలో అతని మాటకి విలువుంది. దేవదానం మడత వేస్తే గాలి కూడా అడిగి వెళ్లాలని అనకాపల్లి మేస్త్రీలు అంటారు. ఆ మాట వింటే అతనికి లోపల్లోపల సంతోషం, పైకి మాత్రం తల గోక్కుంటాడు.

శనివారం నాడు ఎలకల జాలీ బిగించింది కూడా అతనే. ఫ్యాక్టరీకి చెరకు నరుకుతున్న రోజులు. తోట నరికితే అందులో కాపురమున్న ఎలకలు ఎక్కడికి పోతాయి, పక్కనున్న ఇంటికే వస్తాయి. ఈసారి అవి వెనక వార్డులోంచి డక్టులోకి దూరి, ఆపరేషన్ థియేటర్ నెత్తిమీద పరుగులు పెట్టాయి. మేనేజరు ఉదయ్‌కుమార్ దేవదానానికి ఫోన్ చేసి, ఆ డక్టులో గాలి తప్ప ఇంకేదీ నడవకూడదన్నాడు. దేవదానం అర అంగుళం కన్నాల ఇనప జాలీ తెచ్చి, కొలిచి, కత్తిరించి, ఎక్స్‌రే గది వెనక గోడ దగ్గర డక్టుకి అడ్డంగా పెట్టి నాలుగు పక్కలా స్క్రూలు బిగించాడు. అంచుల్లో ఎక్కడా చిటికెన వేలు దూరే సందు లేదు.

ఈవేళ వచ్చింది ఈల ఆపడానికి. జాలీ ఒక మూల వదులై గాలి ఈల వేస్తోంది. స్క్రూ నోట్లో పెట్టుకుని ఆ మూల తడుముతుంటే కింద కౌంటరు దగ్గర మాటలు వినబడ్డాయి. సీలింగ్ పలక తీసిన సందులోంచి చూస్తే ఆయా సన్యాసమ్మ నెరిసిన తల, ఆమె ఎదురుగా ఉదయ్‌కుమార్ చొక్కా చెయ్యి కనిపించాయి.

జరిగింది అతనికి వచ్చేటప్పుడే వాచ్‌మన్ చెప్పాడు. ఆదివారం మధ్యాహ్నం వెనక వార్డు ఆరో గదిలో దేవిశ్రీ అనే బాలింతకి ఉన్నట్టుండి రక్తం పోయింది. పెద్ద ఆపరేషన్ అయి మూడో రోజు. మంచం పక్కన బెల్లుంది. వైరు లేని బెల్లు. నొక్కితే దాని మీద ఎర్ర లైటు వెలుగుతుంది, కౌంటరు మీదున్న డబ్బా మోగి గది నంబరు చూపిస్తుంది. ఆ పిల్ల నొక్కి నొక్కి, ఎవరూ రాక, లేవబోయి పడిపోయింది. ఏసీ పోకుండా ఎప్పుడూ మూసి ఉండే ఇనప తలుపు దాటి ఆమె కేక ఇవతలికి రాలేదు. బయటికి వెళ్లిన మొగుడు తిరిగొచ్చి చూసేసరికి అరగంట దాటింది. విశాఖపట్నం తీసుకుపోయారు. ఇంకా కళ్లు తెరవలేదట.

ఉదయ్‌కుమార్ ఆరో గది బెల్లు చేత్తో పట్టుకొచ్చాడు. కౌంటరు దగ్గర నిలబడి నొక్కాడు. డబ్బా టింగ్ టాంగ్ అంది.

“మోగిందా?”

“మోగింది బాబూ.”

“బెల్లు బాగుంది, బ్యాటరీ బాగుంది. ఆ టైములో సిస్టర్ లేబర్ రూమ్‌లో ఉంది, కౌంటర్లో నువ్వొక్కత్తివే. నిద్రపోయావా, చెవుడా? రెండిట్లో ఏదో ఒకటి చెప్పు.”

సన్యాసమ్మ చేతిలో సగం చుట్టిన దూది ఉండ ఉంది. దాన్ని మునివేళ్లతో తిప్పుతూనే ఉంది.

“నిద్దరోనేదు బాబూ. ఇదిగో, ఇలగే దూది సుడతన్నాను. నిద్దరోయేనని ఎలగ సెప్పేది? అయితే సెవులే పోయుంటాయి.”

మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి. అబద్ధమాడి బతకడం రాని మనిషి, చేయని నిద్రని ఒప్పుకోలేక, లేని చెవుడిని నెత్తికెత్తుకుంది. ఏమిటీ అన్యాయం అనుకున్నాడు దేవదానం. అనుకుని, నోట్లోంచి స్క్రూ తీసి, వదులుగా ఉన్న మూల మీద గట్టిగా బిగించాడు. ఈల ఆగిపోయింది. అతను కిందికి దిగేసరికి సన్యాసమ్మ తన సంచి తీసుకుని మెట్లు దిగుతోంది.

*

మంగళవారం మళ్లీ కబురొచ్చింది, ఆరో గదిలో డక్టు చివరనున్న ప్లాస్టిక్ గ్రిల్ ఊగుతోందని. గది ఖాళీగా ఉంది. మంచం మీద దుప్పటి తీసేశారు. గచ్చు మీద ఫినాయిలు వాసన. ఆ మంచం వంక చూడకుండా దేవదానం నిచ్చెన వేసుకున్నాడు.

ఆ వెనక వార్డులో ఫోన్ పలకదు. ఎక్స్‌రే గది గోడలకి శ్లాబు దాకా సీసం రేకు తాపడం చేశారు, వెనక అంతా మందపాటి కాంక్రీటు. కాని గ్రిల్ కిందకి వచ్చి ఫోన్ పైకెత్తితే సిగ్నల్ రెండు గీతలు వస్తుందని అక్కడ పడుకున్న ప్రతి పేషెంటు చుట్టానికీ తెలుసు. కుర్చీ ఎక్కి, మెడ నిక్కించి, గాలిలోకి మాట్లాడతారు. డక్టు పని చేసేవాడికి ఇది వింత కాదు. రేకు డక్టు లోపల గాలి నడిచినట్టే సిగ్నలూ నడిచి వస్తుందని దేవదానం ఎన్ని బిల్డింగుల్లో చూడలేదు. శనివారం జాలీ బిగించే ముందు ఇదే గ్రిల్ దగ్గర ఫోన్ పెట్టి, భార్య స్వర్ణకుమారికి అన్నం వేళకి వస్తానని చెప్పాడు కూడా.

ఇప్పుడూ అదే చెబుదామని ఫోన్ తీసి గ్రిల్ మూతికి ఆనించాడు. ఒక్క గీత లేదు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. పక్క గదిలోంచి తొంగి చూసిన ఒక ముసలాయన, ఎందుకు బాబూ శ్రమ, శనివారం సాయంత్రం నుంచి ఇక్కడెవరి ఫోనూ పలకడం లేదని చెప్పి వెళ్లిపోయాడు.

శనివారం సాయంత్రం. దేవదానం చెయ్యి ఎత్తింది ఎత్తినట్టే ఉండిపోయింది. జాలీ బిగించింది మధ్యాహ్నం మూడింటికి. ఫోన్ సిగ్నల్ రావాలన్నా, వైరు లేని బెల్లు సిగ్నల్ పోవాలన్నా ఈ వార్డుకి ఉన్నది ఆ ఒక్క డక్టే. జాలీ కన్నాల్లోంచి గాలి పోతుంది గాని సిగ్నల్ పోదు, దానికి ఇనప జాలీ రేకు గోడతో సమానం. ఆ దారికి ఇనప జాలీ కొట్టి, సందు లేకుండా స్క్రూలు బిగించింది ఎవరు? దిగబోతే నిచ్చెన మెట్టు దొరకలేదు.

ఆరో గది బెల్లు మళ్లీ మంచానికే తగిలించి ఉంది. నొక్కాడు. ఎర్ర లైటు చక్కగా వెలిగింది. ఆ పిల్ల కూడా ఈ లైటు చూసే, వస్తారని నమ్మి పడుకుని ఉంటుంది. అతను ఇనప తలుపు తోసుకుని కౌంటరు దగ్గరికి నడిచాడు. స్టాఫ్ నర్సు సంధ్యారాణి తల వంచుకుని రాసుకుంటోంది.

“ఏమన్నా మోగిందా సిస్టర్?”

“లేదే. ఏం?”

ఏం లేదన్నాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అటూ ఇటూ చూసి, సీలింగ్‌లోకి ఎక్కాడు. పది స్క్రూలు. బిగించేటప్పుడు ఐదు నిమిషాల పని, విప్పడానికి అరగంట పట్టింది. రెండు చేతిలోంచి జారి సీలింగ్ పలకల మీద పడి చప్పుడు చేస్తే ఊపిరి బిగబట్టాడు. జాలీ ఊడదీసి, గోనెసంచిలో చుట్టి, మళ్లీ ఆరో గదికి వెళ్లి బెల్లు నొక్కాడు. ఇనప తలుపు తెరుచుకుంది. సంధ్యారాణి వచ్చి, ఎవరు నొక్కారని అడిగింది. చెయ్యి తగిలిందన్నాడు. అనుమానంగా ఉన్నంతసేపూ ఎక్కడో చిన్న ఆశ ఉండేది, అదీ పోయింది.

ఇంటికి వెళ్లి స్వర్ణకుమారికి చెప్పాడు. ఆవిడ తలుపు వేసి వచ్చి విన్నది. దేవిశ్రీ వాళ్లు బుచ్చయ్యపేట దగ్గర చెరకు రైతులు, మొగుడు బంగార్రాజు నలుగురు అన్నదమ్ముల్లో పెద్దవాడు, కేసు పెడతామని తిరుగుతున్నారు. ఇదంతా ఆవిడ చర్చిలో విని ఉంది. దేవదానం పోలీస్ స్టేషన్ గడప ఎప్పుడూ తొక్కలేదు. దాని ముందునుంచి సైకిల్ మీద వెళ్లినా చూపు తిప్పుకుని వెళ్తాడు.

“తీసేసేవు కదా, ఇంకేటి?” అంది స్వర్ణకుమారి. “బెల్లు మోగుతంది. ఇంకెవరికీ ఏటీ అవ్వదు. దేవుడు సూసేడు, సాలు. మనుషులకి సెప్పక్కర్నేదు.”

దేవుడు చూశాడన్న మాటతో ఆవిడ భర్తకి ధైర్యం చెప్పాననుకుంది. అతనికి ఉన్న భయం రెండింతలైంది.

*

బుధవారం నిచ్చెన తెచ్చుకోవడానికి వెళ్లాడు. కౌంటరు దగ్గర కొత్త ఆయా కూర్చుని ఉంది. అతను చూస్తుండగానే డబ్బా మోగింది, నాలుగో గది. ఆమె లేచి చెంగు దోపుకుని వెళ్లింది. ఉదయ్‌కుమార్ దేవదానాన్ని చూసి, చూశావా, నిన్నటి నుంచి ఒక్క బెల్లూ తప్పడం లేదు, ఆ ముసలిదానికి చెవుడే అని తేలిపోయిందన్నాడు. డాక్టరమ్మకి కూడా అదే చెప్పాడట.

దేవదానం నిచ్చెన భుజాన వేసుకుని బయటికి వచ్చాడు. రోగం కుదిరిందనుకుంటే ఇలా తిరగబెట్టింది. చప్పుడు చేయకుండా జాలీ తీసి, సన్యాసమ్మ చెవుడికి తనే సాక్షి సంతకం పెట్టినట్టయింది. ఎలకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నారని సామెత. ఇక్కడ తగలబడింది వేరేవాళ్ల ఇల్లు.

మెయిన్ రోడ్డు ఎక్కాక ఆమె కనిపించింది. ఫ్యాక్టరీ వైపు చెరకు ట్రాక్టర్లు వరసగా పోతున్నాయి. సన్యాసమ్మ రోడ్డు అంచున నిలబడి కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది, ఒక అడుగు వేసి వెనక్కి తీసుకుంది. రోడ్డు ఖాళీ అయింది. అయినా కదలలేదు. మళ్లీ కుడి, మళ్లీ ఎడమ. ఇరవై ఏళ్లుగా ఆ రోడ్డుని కళ్లు మూసుకుని దాటిన మనిషి. చెవుల్లో దూది పెట్టుకుంది, దూది చుట్టూ నూనె మరక.

దేవదానం నిచ్చెన కింద పెట్టి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె ఉలిక్కిపడింది.

“ఏటత్తా, దాటవేటి?”

“నువ్వా బాబూ.” ఆమె గట్టిగా మాట్లాడింది, చెవిటివాళ్లు మాట్లాడినట్టు. “నాకు బండ్లు ఇనబడవు కదా. ఎనకనుంచి ఏదొచ్చి గుద్దుతాదోనని బయ్యం. ఎల్లుల్లి నూనె పోసుకుంటన్నాను. ఈ దూది పెట్టేక ఇంకా ఇనబడ్డం నేదు.”

దూది పెట్టుకుంటే ఎవరికి వినబడుతుందని అతను అడగలేదు. రోడ్డు దాటించాడు. అవతల చేరాక ఆమె అతని చెయ్యి వదల్లేదు.

“పాపం, ఆ గుంట ఎన్నిసార్లు నొక్కిందో బాబూ. నేను పక్కనే కూసున్నాను. నా కూతురంత గుంట.” కొంగుతో ముక్కు తుడుచుకుంది. “రేపు పది గంటలకి రమ్మన్నాడు మేనేజరు. సెవుడు దాసిపెట్టి డ్యూటీ సేసేనని కాయితం రాసేడంట, ఏలిముద్ర ఎయ్యాల. ఆ గుంట మొగుడు కూడా వస్తాడంట. ఆయన కాళ్ల మీద పడతాను. కొడితే కొడతాడు.”

అప్పుడు చెప్పవలసింది. నోటిదాకా వచ్చింది కూడా. అంతలో నలుగురు అన్నదమ్ములూ, పోలీస్ స్టేషన్ గడపా కళ్లముందు మెదిలాయి, మాట లోపలికే పోయింది. జాగ్రత్తగా వెళ్లు అత్తా అని మాత్రం అన్నాడు. పిరికితనం కూడా ఒక్కోసారి మర్యాదలాగే మాట్లాడుతుంది.

*

గురువారం పదింటికి గోనెసంచి చంకలో పెట్టుకుని దేవదానం నర్సింగ్ హోం మెట్లు ఎక్కాడు. ఎక్కుతున్నాడే గాని ఏం చేస్తాడో అతనికే తెలియదు. పొద్దున్న స్వర్ణకుమారి సంచి చూసి, ఎక్కడికని అడగలేదు. మొహం చూసి తెలుసుకుంది కాబోలు, గుమ్మం దాకా వచ్చి చొక్కా కాలరు సర్ది వెళ్లింది.

కౌంటరు మీద కాయితం, పక్కన స్టాంపు ఇంకు పెట్టె ఉన్నాయి. ఉదయ్‌కుమార్ కుర్చీలో, సంధ్యారాణి గోడ దగ్గర. సన్యాసమ్మ బొటనవేలు అప్పటికే నీలంగా ఉంది. ఆమె ఎదుట బంగార్రాజు నిలబడ్డాడు, ఎత్తైన మనిషి, నాలుగు రోజుల గడ్డం, భార్య కాయితాలున్న ప్లాస్టిక్ సంచి చేతిలో. అన్నదమ్ములు రాలేదు, ఒక్కడే. ఆ చేతులు చూస్తే ఒక్కడు చాలనిపించింది.

“ఈమేనా?” అన్నాడు బంగార్రాజు.

“ఈమే. చెవుడు దాచిపెట్టింది,” అన్నాడు ఉదయ్‌కుమార్.

బంగార్రాజు ఒక అడుగు ముందుకు వేశాడు. సన్యాసమ్మ వంగబోయింది.

“ఆవిడికి సెవుడు నేదండీ.”

తన గొంతే అని దేవదానానికి ఒక క్షణం తెలియలేదు. అందరూ అతని వైపు తిరిగారు. గోనెసంచి విప్పి జాలీ కౌంటరు మీద పెట్టాడు. ఇనప అంచు కౌంటరు గాజు మీద గీసుకుంది.

“బెల్లు మోగనేదు. ఇది శనివారం డక్టులో ఏసింది నేనే. సిగ్నలు దీనికి తగిలి ఆగిపోయింది. మంగళారం దొంగతనంగా తీసేసింది కూడా నేనే.”

ఉదయ్‌కుమార్ లేచాడు. గాలి పోయే కన్నాల్లోంచి సిగ్నల్ ఎందుకు పోదు, తాగొచ్చావా అన్నాడు. తర్వాత దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, నోరు మూసుకో, కేసు నీ మీదకే వస్తుందన్నాడు. దేవదానానికి ఆ సంగతి అతనికంటే బాగా తెలుసు.

“బిగించి సూపిస్తాను,” అన్నాడు దేవదానం, బంగార్రాజు వైపు చూడకుండానే. “ఆరో గదిలోకెళ్లి మీరే నొక్కండి బాబూ.”

బంగార్రాజు జాలీ చేతిలోకి తీసుకుని, వెలుతురుకి ఎత్తి, అటు నుంచి ఇటు చూశాడు. తిరిగి ఇచ్చి, ఇనప తలుపు తోసుకుని వెళ్లాడు.

దేవదానం సన్యాసమ్మ చెవుల్లోంచి దూది తనే తీశాడు. డబ్బాకి వీపు పెట్టి నిలబడమని, మోగినట్టు వినబడితే చెయ్యి ఎత్తమని చెప్పాడు. నాకెందుకు బాబూ ఈ పరీక్ష అంది ఆమె. అయినా నిలబడింది.

వాచ్‌మన్ తెచ్చిచ్చిన నిచ్చెన వేసుకుని సీలింగ్‌లోకి ఎక్కి, జాలీ పెట్టి, సంచిలోని పది స్క్రూలూ బిగించాడు, శనివారం బిగించినట్టే, సందు లేకుండా. నొక్కమని కేకేశాడు. సంధ్యారాణి ఇనప తలుపు సందులోంచి ఆ మాట లోపలికి అందించి తలుపు మూసింది. అతను పలక సందులోంచి కిందికి చూశాడు. డబ్బా మోగలేదు. సన్యాసమ్మ కదలలేదు. సంధ్యారాణి డబ్బా మీద చెవి పెట్టి, ఉదయ్‌కుమార్ వైపు చూసింది. అతను గోడ గడియారం వైపు చూశాడు.

ఇప్పుడు విప్పాలి. దేవదానం చెమటతో స్క్రూలు విప్పుతుంటే కొత్త భయం పట్టుకుంది. విప్పాక కూడా మోగకపోతే? లేక మోగితే, నిజంగానే ఈవిడికి వినబడకపోతే? చివరి స్క్రూ ఊడింది. జాలీ లాగేశాడు. ఆరో గది దాకా వినబడేలా డక్టు రేకు మీద స్క్రూడ్రైవర్‌తో కొట్టాడు.

టింగ్ అని డబ్బా ఇంకా పూర్తిగా అననే లేదు, సన్యాసమ్మ చెయ్యి పైకి లేచింది. నీలం బొటనవేలు, ముడతలు పడ్డ అరచెయ్యి. తర్వాత డబ్బా రెండోసారి మోగింది, మూడోసారి మోగింది. లోపల బంగార్రాజు వదలకుండా నొక్కుతూనే ఉన్నాడు. ఆమె చెయ్యి దించలేదు.

దేవదానానికి కిందికి దిగబుద్ధి కాలేదు. ఆ రేకుల మధ్యే దుమ్ములో పడుకుండిపోతే బాగుండుననిపించింది. ఇనప తలుపు చప్పుడైంది. చూస్తే నిచ్చెన అడుగున బంగార్రాజు రెండు చేతులూ పట్టుకుని నిలబడ్డాడు. లాగేస్తాడేమో అనుకుంటూ ఒక్కో మెట్టూ దిగాడు. లాగలేదు. నిచ్చెన ఊగకుండా పట్టుకున్నాడు.

“ఆదోరం నేనెందుకు బయటికెళ్లేనో తెలుసా?” అన్నాడు బంగార్రాజు. “గ్రిల్ కింద ఫోను పలకనేదు. కుర్సీ ఎక్కి సానాసేపు సూసేను. పుట్టిన గుంటని సూడ్డానికి రమ్మని మా అక్కకి సెప్పాలని రోడ్డు మీదకెళ్లేను. అక్కడ టీ తాగేను. నాలుగు రోజులై ఆ టీయే గుర్తొస్తంది నాకు.” ఆగి, మొహం మీద చెయ్యి రాసుకున్నాడు. “ఎవరికీ సెప్పనేదు.”

దేవదానం తల వంచుకున్నాడు. కొట్టినా బాగుండేదనిపించింది.

బంగార్రాజు జాలీ అతని చేతిలోంచి తీసుకున్నాడు. “ఇది నా కాడుంటాది. రేపు స్టేషన్‌కి రా. ఇక్కడ సెప్పిందే అక్కడా సెప్పు.”

“వస్తాను బాబూ.”

“బాలింత గుంట ఎలగుందయ్యా?” అని అడిగింది సన్యాసమ్మ.

“రేత్రి కళ్లు తెరిసింది.” ఆ మాట చెప్పి అతను వెళ్లిపోయాడు. కౌంటరు మీది కాయితాన్ని సంధ్యారాణి ఎప్పుడు తీసేసిందో ఎవరూ చూడలేదు. ఉదయ్‌కుమార్ లోపల ఫోన్ మాట్లాడుతున్నాడు, దేవదానం పేరు రెండుసార్లు వినబడింది.

ఇద్దరూ రోడ్డు మీదకి వచ్చారు. రేపటి సంగతి దేవదానాన్ని పట్టుకుంది. స్టేషన్‌లో ఎవరుంటారు, ఏం అడుగుతారు, స్వర్ణకుమారికి ఏమని చెప్పాలి, ఇకమీద రేకు పని ఎవరిస్తారు. సన్యాసమ్మ పక్కనే నడుస్తోంది. జాలీ సంగతి ఒక్క మాట అడగలేదు, తిట్టలేదు. అతనికి ఏమీ వినబడటం లేదు, చెవుల్లో తన గుండె చప్పుడే. రోడ్డు దాటబోయాడు.

“ఆగు,” అంది ఆమె. జబ్బ పట్టుకుని గట్టిగా వెనక్కి లాగింది. “లారీ వస్తంది.”

అతను చూశాడు. రోడ్డు ఖాళీగా ఉంది. తర్వాత మలుపులోంచి చెరకు లారీ వచ్చింది, నిండు లోడుతో, వాళ్ల ముందునుంచి దుమ్ము రేపుకుంటూ పోయింది. అది దాటిపోయి, ఆ వెనక ఇంకేదీ రావడం లేదని చెవి ఒగ్గి విని, సన్యాసమ్మ అతని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది.